బల్లకు ఇవతల

శుద్ధి సారు ఆ చిన్న ప్లేటును రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలుకను తోకపట్టి చూపించినట్టు అందరికీ చూపించాడు.

"చూడండి. కళ్ళు పెట్టుకుని చూడండి. ఇదీ ఈవిడ చెయ్యి."

ప్లేటులో గట్టిపడిన జావలాంటి పదార్థం మీద ఐదు వేళ్ళ ముద్రలున్నాయి. చూపుడువేలి ముద్ర పక్కన పసుప్పచ్చని చుక్క ఒకటి మొలిచి ఉంది, ఆవగింజంత. ఆ ఆవగింజ కోసం ట్రైనీలందరి చేతా పని ఆపించి శిక్షణ హాల్లో వరసగా నిలబెట్టారు. వాళ్ళకు ఎదురుగా ఆ చేతి మనిషిని ముద్దాయిలా నిలబెట్టారు.

ఆమె రెండో వరసలో ఉన్న ఒక అమ్మాయికి సొంత వదిన, అన్న భార్య. మిగతావాళ్ళకు ఏమీ కాదు. అయినా హాలంతా ఆమెను వదినా అనే పిలుస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకూ తెల్ల సూటు తొడుక్కోవడం చెయ్యి పట్టి నేర్పింది ఆమే. నేర్పడం శుద్ధి సారు ఉద్యోగం, నేర్పింది మాత్రం వదిన.

"మొన్న ట్యాంకు నిండా మందు మురుక్కాలవ పాలైంది. ఎవరి పుణ్యమో ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు శుద్ధి సారు.

"సారూ, ఆ ప్లేటు నాదేనని ఎట్లా తెలుసు?" అంది వదిన. "మా చేత వేళ్ళు అద్దించుకుని తలుపు వెనక్కి పట్టుకుపోతారు. నాలుగు రోజులు పోయాక తెచ్చి చూపిస్తారు. మధ్యలో ఎవరు చూశారు?"

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

"అట్లా అనలేదు. ఎవరు చూశారు అన్నాను."

"ముందు ఆ నోరు శుద్ధి చేసుకో," అన్నాడు ఆయన నెత్తి గోక్కుంటూ. ఆయనకు ఆ పేరు వచ్చింది ఆ మాట వల్లే. నిద్ర లేచింది మొదలు శుద్ధి అనకుండా మాట్లాడలేడు. ఆయన గోక్కున్నప్పుడల్లా నల్ల కోటు భుజాల మీద చుండ్రు పొట్టులా రాలుతుంది. పరిశుభ్రత మీద ఉపన్యాసం చెప్పే మనిషికి అద్దం చూపించేవాళ్ళు ఇంట్లో కూడా ఉన్నట్టు లేరు.

ఆయన వదిన మెడలోని గుర్తింపు కార్డు పట్టుకుని లాగాడు. తాడు తెగలేదు. ఇంకోసారి లాగాడు. ఆమె మెడ వంగింది కానీ తాడు మాత్రం తెగలేదు. చివరికి ఆమే తీసి ఆయన చేతిలో పెట్టింది.

వరసల్లో అందరి చేతులూ ఛాతీ ముందు, ఒకదానికొకటి తగలకుండా, పైకి లేచి ఉన్నాయి. చూసేవాళ్ళకు దండం పెడుతున్నట్టుంటుంది కానీ అది దండం కాదు, అలవాటు.

ఆ అలవాటేమిటో మీకు చెప్పాలి. మనిషి ఒంటి నుంచీ, మాట నుంచీ, నడక నుంచీ కంటికి కనిపించని నలుసులు రాలుతూ ఉంటాయి. ఈ ఫ్యాక్టరీలో పెద్ద ట్యాంకుల్లో ప్రాణమున్న కణాలను పెంచి, వాటి నుంచి ఇంజెక్షన్ మందు తీస్తారు. అది నేరుగా రోగి నరంలోకి పోతుంది. అందుకని ఆ మందు తయారయ్యే క్లీన్‌రూమ్‌లోకి వెళ్ళే మనిషి కళ్ళు తప్ప ఏమీ కనిపించకుండా సూటు తొడుక్కోవాలి. మెల్లగా నడవాలి. అనవసరంగా మాట్లాడకూడదు. పక్కవాళ్ళకు చేరువగా నిలబడకూడదు. చేతులు ఛాతీ ముందే ఉండాలి. ఇవన్నీ వచ్చాయో లేదో తేల్చడానికి గ్లౌజు వేళ్ళను ప్లేట్ల మీద అద్దించి, వెచ్చటి పెట్టెలో దాచి ఉంచుతారు. ఏమీ మొలవకపోతే పాసు. మొలిస్తే ఫెయిలు.

పరీక్ష మంచిదే. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. తప్పంతా ఆ వెచ్చటి పెట్టె తాళంచెవి ఎవరి జేబులో ఉందన్న దగ్గరే ఉంది.

పాసైనవాళ్ళకు సర్టిఫికెట్ ఇవ్వాలి. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళను పర్మనెంటు చెయ్యాలి. చెయ్యకపోతే వాళ్ళు ఇంకో కంపెనీకి పోతారు. ఫెయిలైనవాళ్ళు ఎక్కడికీ పోలేరు. వాళ్ళకు జీతం ఉండదు, భత్యం ఉంటుంది. పైగా ఇంతమందికి పని నేర్పుతున్నాడని సర్కారు అయ్యగారికి ఎదురు డబ్బిస్తుంది. అయ్యగారంటే యజమాని. ఎంతకీ పని రాని మొద్దులు దొరకడం కంటే ఆయనకు వేరే అదృష్టం ఏముంటుంది? శిక్షణ కేంద్రం గుమ్మం మీద 'చేతిలో నైపుణ్యం, గుండెలో ధైర్యం' అని బంగారు రంగులో రాయించాడు. లోపల ఏళ్ళ తరబడి అందరినీ ఫెయిలు చేయించాడు. ఫెయిలైన ఆ చేతులే మర్నాడు పొద్దున 'అభ్యాసం' పేరుతో అదే గదిలో, అదే మందును సీసాల్లో నింపుతాయి. ఆ సీసాలు ఆస్పత్రులకు పోతాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది, ఊరంతా చూస్తోంది.

రెండో వరసలో ఉన్న అమ్మాయి పేరు నత్త. ఇంట్లో పెట్టిన పేరు కాదది, హాల్లో వచ్చింది. నడకా మెల్లగానే, మాటా మెల్లగానే. "దీన్ని మంచినీళ్ళు తెమ్మంటే బావి తవ్వి తెస్తుంది," అని తల్లి విసుక్కునేది. క్లీన్‌రూమ్‌లోకి వచ్చాక ఆ నిదానమే గొప్ప గుణమైంది. ఆ శుక్రవారం ఆమె నోట్లో ఒక మాట మెదిలింది. అది గొంతు దాకా వచ్చేసరికి వదినను గేటు దాకా నడిపించేశారు.

సాయంత్రం శుద్ధి సారు నత్తను తన గదికి పిలిపించాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి కూర్చోమని కుర్చీ చూపించాడు. ఆ మర్యాద చూడగానే ఆమెకు భయం వేసింది.

"మళ్ళీ నీ పరీక్ష వచ్చేవారం కదమ్మా. నీ చేతులు శుద్ధమైన చేతులు. నాకు తెలుసు."

"ఇంకా పరీక్ష పెట్టలేదు కదా సారూ."

"పెట్టకపోయినా తెలుసు." ఆయన నవ్వాడు. "ఒక్క చిన్న మాట చెప్పాలి. మీ వదిన లోపల గ్లౌజుతో మొహం ముట్టుకోవడం నువ్వు చూశావు. అంతే. అయ్యగారి ముందు ఆ ముక్క చెప్పు. నీకు సర్టిఫికెట్ వస్తుంది, పర్మనెంటు అవుతావు. చెప్పలేనంటే, ఒకే ఇంటివాళ్ళు కదా, శుద్ధి మొత్తం ఇంట్లోనే లేదేమో అని నేను అనుకోవాల్సి వస్తుంది."

"ఆలోచించి చెప్తాను సారూ," అంది నత్త.

ఇంట్లో అన్నయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు. వెల్డింగ్ షాపులో దూలం మీద పడి నడుం విరిగిన దగ్గర్నుంచి ఆ మంచమే అతని ఉద్యోగం. ఆ ఇల్లు నడుస్తున్నది ఇద్దరాడవాళ్ళ చేతుల మీద. ఇప్పుడు ఒక జత చేతులు పోయాయి. వదిన గుమ్మంలో కూర్చుని అరచేతులు చూసుకుంటోంది. గంటగంటకూ స్పిరిట్‌తో కడిగి కడిగి వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి.

నత్త జరిగింది చెప్పింది. తల్లి గోడ వైపు చూస్తూ అంది: "ఇద్దరూ మునగడమెందుకే? ఒకరైనా ఒడ్డున పడితే రెండోవాళ్ళను లాగొచ్చు."

"అమ్మా, ఏం మాటలవి?" అన్నాడు అన్నయ్య మంచం మీంచి.

"అత్తయ్య చెప్పింది నిజమే," అంది వదిన. ఆమె గొంతులో కోపం లేదు, అదే నత్తకు భరించరాకుండా ఉంది. "చెప్పేసెయ్. నన్నెట్లాగూ తీసేశారు. నువ్వు చెప్పినా చెప్పకపోయినా నా పేరు అన్ని కంపెనీలకూ పంపిస్తారు, చేతకానిదని. పొయ్యి వెలగాలి కదా."

"నువ్వు మొహం ముట్టుకున్నావా వదినా?"

"లేదు."

"మరి ఎట్లా చెప్పను?"

"నోటితో చెప్పు. అందరూ దాంతోనే చెప్తారు." వదిన అప్పుడు ఏడ్చింది. నత్త పక్కన కూర్చుంది. తన సర్టిఫికెట్ కావాలని ఆమెకు ఉంది, చాలా ఉంది. అది లేకపోతే అన్నయ్య మందులు లేవు, అద్దె ఇల్లు లేదు. ఆ కాగితం మీద తన పేరు ఎట్లా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకుంది. ఇప్పుడు ఆ పేరు పక్కన వదిన మొహం కూడా కనిపిస్తోంది.

"ఆలోచిస్తానన్నాను కదా," అంది చివరికి. "నాకు ఆలోచించడానికి ఎంతసేపు పడుతుందో ఆయనకు తెలీదు."

ఆదివారం మధ్యాహ్నం, మూసి ఉన్న లారీ షెడ్డులో ట్రైనీలంతా కలిశారు. కలవమన్నది బాయిలర్ బాబాయి. ఆయన ఫ్యాక్టరీలో ఆవిరీ, గాలి మిషన్లూ చూసే పాతకాలపు పర్మనెంటు మనిషి. కార్మిక సంఘం అనే మాట ఆ గేటు లోపల ఆయన ఒక్కడి నోట్లోనే బతికి ఉంది.

బాబాయి డ్రమ్ము మీదికెక్కి చూసి నిర్ఘాంతపోయాడు. జనం ఒకరికొకరు బారెడు దూరంలో, చేతులు ఛాతీ ముందు ఎత్తి, మౌనంగా నిలబడి ఉన్నారు. షెడ్డు తుడుచుకునే ముసలమ్మ లోపలికి తొంగి చూసి, ఎవరు పోయారని మెల్లగా అడిగి వెళ్ళింది.

"ఇదేంట్రా?" అన్నాడు బాబాయి. "నేను సభకి పిలిచానా, సంతాపానికి పిలిచానా? దగ్గరికి రండి. భుజం భుజం తగలాలి. చేతులు దించండి. ఇక్కడ మీ మీద ప్లేట్లు అద్దేవాడు ఎవడూ లేడు."

ఎవరో నవ్వారు. చేతులు దిగడానికి సమయం పట్టింది. దిగిన చేతులను ఎక్కడ పెట్టుకోవాలో కొందరికి తెలియలేదు. నోళ్ళు మూయించి, దూరం దూరంగా నిలబెట్టి, ఎవరి చెయ్యీ ఎవరికీ తగలకుండా ఇన్నేళ్ళు పెంచారు. మందు కోసం నేర్పిన క్రమశిక్షణ అయ్యగారికి ఇంకో రకంగా కూడా కలిసొచ్చింది. మీలో ఏ కార్ఖానాలో పనిచేస్తున్నవాళ్ళయినా సరే, ఒకసారి చూసుకోండి. మీకు పనితోపాటు ఇంకేం నేర్పారో తెలుస్తుంది.

"ముందు నేనొకటి చెప్పాలి," అన్నాడు బాబాయి. "పోయిన బ్యాచ్ వదిన చేతి వల్ల పోలేదు. సెలవు రోజుల్లో గాలి మిషన్లు సగానికి తగ్గించమన్నారు, కరెంటు ఆదా అని. శుద్ధి చేసిన గాలి ఆగితే గదిలోకి బయటి గాలి వస్తుంది. తగ్గించమన్నది అయ్యగారు. మీట తిప్పింది నేను."

షెడ్డు ఒక్కసారి భగ్గుమంది. "మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావ్?" అని అరిచాడు డిగ్రీ. అతనికి సైన్సు డిగ్రీ ఉంది, అది చూపించి అందరికంటే ముందు పర్మనెంటు అవుతానని వచ్చి అందరికంటే ఎక్కువసార్లు ఫెయిలయ్యాడు. "ఆవిడని గేటు దాకా ఈడుస్తుంటే బాయిలర్ పక్కన చలి కాచుకుంటున్నావా?"

"కాచుకుంటున్నా," అన్నాడు బాబాయి. "పింఛనుకి ఇంకా కొంచెమే ఉందని కాచుకుంటున్నా. తిట్టు. నువ్వు తిట్టేది నిజమే. కానీ నన్ను తిట్టడంతో ఆగిపోతే అయ్యగారు ఇంట్లో కాలు మీద కాలేసుకుని నవ్వుతాడు."

తర్వాత వాదన మొదలైంది. ఎవడికి తోచింది వాడు అన్నాడు. డిగ్రీ వేలెత్తాడు: "సోమవారం ట్యాంకులో కణాలు పక్వానికొస్తాయి. ఆ రోజు మందు తియ్యాల్సిందే, కణాలు ఎవడి కోసమూ ఆగవు. లోపల అందరం ఒక్కసారి మాస్కులు దించి దగ్గుదాం. అలారాలు మోగుతాయి, బ్యాచ్ పోతుంది. అయ్యగారు కాళ్ళబేరానికొస్తాడు."

"ఆ గదిలో దగ్గితే నీ చెంప పగులుతుంది," అంది వదిన. ఆమె అందాకా వెనకాల కూర్చుని ఉంది. "ఆ సీసా ఎవడో ఒకడి నరంలోకి పోతుంది రా. అలారం మోగిందని మందు పారబోస్తాడని నీకేం నమ్మకం? గాలి మిషన్లు ఆపినవాడు అలారం మిషను ఆపలేడా? మందు ఆలస్యమైతే ఇంకో బ్యాచ్ వస్తుంది. చెడ్డ మందెక్కితే ఇంకో ప్రాణం రాదు."

ప్యాకింగు సెక్షన్ నుంచి వచ్చిన ఒకామె గోడౌనులో సీసాలు దండిగా ఉన్నాయని, ధర పెరిగేదాకా ఆపి ఉంచారని చెప్పింది. ఒకడు సమ్మె అన్నాడు. ట్రైనీలకు సమ్మె హక్కు లేదన్నాడు ఇంకొకడు. రెండో పూటే కొత్త ట్రైనీలను తెస్తారని మరొకడు. మాటలు తిరిగి తిరిగి మొదటికే వస్తున్నాయి.

నత్త లేచి నిలబడింది. ఆమె సభలో మాట్లాడడం అదే మొదలు, అందుకని అందరూ ఆగారు. ఆగినా ఆమెకు తొందర రాలేదు. శుద్ధి సారు గదిలో జరిగింది మొదట్నుంచీ చెప్పింది. కుర్చీ సంగతి కూడా చెప్పింది.

"పరీక్ష పెట్టకుండానే పాసన్నాడు," అంది ఆమె. "కాబట్టి ఫెయిలు కూడా పరీక్ష పెట్టే చేశాడని నమ్మక్కర్లేదు. అది మనకి తెలుసు. కానీ మనం నమ్మితే ఏమవుతుంది?"

"నమ్మడమేంటే?" అన్నాడు డిగ్రీ.

"మనమంతా ఫెయిలు కదా. సరే, ఫెయిలే. సూటు తొడుక్కునే గదిలో అడ్డంగా ఉన్న బల్ల పైన గోడకి ఏం రాసుంది? పరీక్ష పాసుకానివారు బల్ల దాటరాదు. రోజూ ఆ రాత కిందనుంచే దాటుతున్నాం. సోమవారం దాటొద్దు. పనిలోకి పోదాం, సూట్ల గదికి పోదాం, బల్ల మీద ఇవతల వైపు కూర్చుందాం. మా చేతులు మురికివి సారూ, మీరే చెప్పారు, మందు పాడవుతుంది అందాం."

బాబాయి డ్రమ్ము మీద నుంచి దిగి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "ముప్పై ఏళ్ళు సంఘంలో ఉన్నా. యజమాని రూలుతో యజమానిని కట్టేయడం నాకు తట్టలేదు."

"నాకూ ఇప్పుడే తట్టింది," అంది నత్త. "శుక్రవారం నుంచి నడిచి వచ్చింది."

సోమవారం పొద్దున అట్లాగే జరిగింది. సూట్ల గదిలో గోడ నుంచి గోడ దాకా అడ్డంగా స్టీలు బల్ల ఉంటుంది. ఇవతల వైపు బజారు చెప్పులు. బల్ల మీద కూర్చుని, ఒక్కొక్క కాలికీ తొడుగు వేసుకుని అవతలికి తిప్పాలి. ఇవతల లోకం, అవతల మందు. ట్రైనీలంతా వచ్చి బల్ల మీదా, బల్ల చాలనివాళ్ళు నేల మీదా కూర్చున్నారు. ఎవరి కాలూ అవతలికి తిరగలేదు.

శుద్ధి సారు పరుగెత్తుకొచ్చాడు. "ట్యాంకు సిద్ధంగా ఉంది. లోపలికి పదండి. ఏంటీ వేషాలు?"

"మేం ఫెయిలు సారూ," అన్నాడు డిగ్రీ వినయంగా. "చేతులు శుద్ధం కావు."

"అది పరీక్ష. ఇది అభ్యాసం."

"అభ్యాసం రోగి నరంలోనా సారూ?" అంది వెనకనుంచి ఒక గొంతు.

ఆయన గోడ మీది రాత చూశాడు. అది తను రాయించిందే. తనిఖీకి వచ్చేవాళ్ళ కోసం రాయించాడు తప్ప, అక్షరాలు వచ్చిన కూలీలు దాన్ని ఏనాటికైనా చదువుతారని ఆయనకు తోచలేదు. పాసైనవాళ్ళను పక్క యూనిట్ నుంచి పిలిపించండి సారూ, మేం దారిస్తాం అని నత్త సలహా చెప్పింది. పక్క యూనిట్లోనూ ట్రైనీలే. దాని పక్క యూనిట్లోనూ ట్రైనీలే. ఇంత పెద్ద శిక్షణ సామ్రాజ్యంలో, బంగారు అక్షరాల కింద, పాసైన చెయ్యి ఒక్కటీ లేదు. తనను తాను చాలా తెలివైనవాడిననుకున్న యజమాని అందరినీ ఫెయిలు చేసి, ఆ ఫెయిలులో తానే ఇరుక్కున్నాడు.

కాసేపటికి అయ్యగారు స్వయంగా వచ్చాడు. సెంటు వాసన ఆయనకంటే ముందు వచ్చింది. "మీరంతా నా పిల్లలు," అన్నాడు.

"అయితే ఆస్తి రాయండి," అన్నారెవరో. అందరూ నవ్వారు.

అయ్యగారి మొహం మాడింది. ఆఫీసు గుమాస్తాలను పిలిపించి సూట్లు తొడుక్కోమన్నాడు. బట్టతల గుమాస్తా ఒకడు ఒంటికాలి మీద గెంతుతూ రెండో కాలు సూటులో దూర్చబోయి, గోడ పట్టుకుని, నేల మీద కూలబడ్డాడు. సూటు వెనకవైపు పర్రున చిరిగింది. అతను లేచి చూసుకుని, "నాకు పెళ్ళాం పిల్లలున్నారు సార్, నా వల్ల ఎవడైనా చస్తే?" అని అక్కడే బల్ల పక్కన కూర్చున్నాడు. ప్యాకింగు ఆడవాళ్ళను పిలిపించాడు. వాళ్ళు వచ్చారు. "మా చేతులకి అసలు పరీక్షే పెట్టలేదు, మేమెట్లా దాటుతాం?" అని వాళ్ళూ కూర్చున్నారు. గదిలో చోటు చాలక ఒకరికొకరు ఒరిగారు. నత్త భుజానికి ఎవరిదో భుజం తగిలింది. పనిలో ఉండగా ఒక మనిషి తగలడం ఆమెకు అదే మొదటిసారి. ఆ వెచ్చదనం ఆమెకు బాగుంది.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. అయ్యగారు శుద్ధి సారు చెవిలో ఏదో అన్నాడు. శుద్ధి సారు బల్ల ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "యాజమాన్యం దయతలచింది. ఈ క్షణం నుంచి మీరందరూ పాసు. సర్టిఫికెట్లు సాయంత్రానికి ఇస్తాం. ఇక లేవండి."

గదిలో కదలిక వచ్చింది. కొందరి కళ్ళు మెరిశాయి. వాళ్ళను తప్పు పట్టకండి. ఏళ్ళ తరబడి ఆ ఒక్క మాట కోసం వేళ్ళు పగలగొట్టుకున్నవాళ్ళు. నత్తకు కూడా కాగితం మీద పేరు కళ్ళముందు ఆడింది, అన్నయ్య మంచం కనిపించింది. లేచి నిలబడింది. ఆమె లేవగానే అందరూ ఆమె కాళ్ళ వైపు చూశారు.

"శుక్రవారం మా చేతులు మురికివి," అంది. "ఇవాళ శుద్ధం. మధ్యలో చేతులు కడుక్కున్నది మేమా, మీరా సారూ?"

శుద్ధి సారు నెత్తి గోక్కున్నాడు.

"దానం మాకొద్దు. పరీక్ష కావాలి. ప్లేట్లు అందరి ముందూ అద్దించండి. పెట్టెకి రెండు తాళాలు వెయ్యండి, ఒకటి మా దగ్గరుంటుంది. తెరిచేటప్పుడు మేముంటాం. మొలిస్తే మొలిచిందని ఒప్పుకుంటాం, మళ్ళీ నేర్చుకుంటాం. మొలవకపోతే పర్మనెంటు చెయ్యాలి. గాలి మిషన్లు ఆపించినవాళ్ళ పేరు బయటికి రావాలి. వదినని పిలవాలి." ఆమె మళ్ళీ కూర్చుంది. ఇవతలికే కూర్చుంది.

"మందు పాడైపోతోంది," అని అరిచాడు అయ్యగారు. "రోగుల మీద జాలి లేదా మీకు?"

"గోడౌను తాళాలు తెరవండి," అంది ప్యాకింగు ఆమె. అయ్యగారు ఫోను తీసుకుని బయటికి పోయాడు.

పోలీసులొచ్చారు. లోపల రాళ్ళు రువ్వుతుంటారని చెప్పి తెచ్చారు కాబోలు, హెల్మెట్లు పెట్టుకుని వచ్చారు. తలుపు తెరిస్తే జనం నిశ్శబ్దంగా కూర్చుని, చేతులు ఛాతీ ముందు పెట్టుకుని చూస్తున్నారు. "సార్, బూట్లకి తొడుగులు వేసుకోండి, దుమ్ము లోపలికి పోతుంది," అన్నాడు డిగ్రీ. ఇన్‌స్పెక్టరు అనాలోచితంగా సరే అని ఒక తొడుగు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని, తను చేస్తున్నదేమిటో తెలుసుకుని విసిరికొట్టాడు. కొడదామంటే ఒక్క చెయ్యీ లేవదు. తిడదామంటే ఒక్క నోరూ తెరుచుకోదు. మెల్లగా, నలుసు రాలకుండా కూర్చోవడంలో వాళ్ళను మించినవాళ్ళు లోకంలో లేరు. ఆ విద్య నేర్పింది కంపెనీయే.

"నాయకుడెవడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

శుద్ధి సారు వేలు నత్త వైపు లేచింది. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు ఆమెను రెక్కలు పట్టి లేపారు. ఆమె నడిచింది, ఎప్పుడూ నడిచినట్టే నడిచింది. త్వరగా నడవమని వెనకనుంచి తోశారు, అయినా అట్లాగే నడిచింది. సూట్ల గది నుంచి వ్యాను దాకా ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకుంటూనే ఉన్నాడు. ఆ మధ్యాహ్నానికి ట్యాంకులో కణాలు చచ్చిపోయాయి. అయ్యగారి లాభం మొత్తం పైపుల్లోంచి మురుక్కాలవలోకి పోయింది.

స్టేషన్లో నత్త మీద మందు ధ్వంసం కేసు రాశారు. ఏమీ ముట్టుకోనందుకు ధ్వంసం కేసు పడ్డ మనిషి బహుశా ఆమె ఒక్కతే. స్టేషన్ రైటరు ఇంకు ప్యాడ్ ముందుకు తోసి, "ఐదు వేళ్ళూ అద్దు," అన్నాడు విసుగ్గా.

ఆమె వేళ్ళ వంక చూసుకుంది. తర్వాత ఒక్కొక్క వేలూ ప్యాడ్ మీద ఆనించి, కాగితం మీద నొక్కింది. ఎక్కువ బలం కాదు, తక్కువ కాదు. అంచులు చెదరకుండా ఐదు ముద్రలు పడ్డాయి. రైటరు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఇంత శుభ్రంగా వేలిముద్రలు వేసిన ముద్దాయిని అతను ఎరగడు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"శిక్షణ కేంద్రంలో," అంది. "కాగితం జాగ్రత్తగా దాచండి సార్. నాలుగు రోజులాగి తీసి, ఏం మొలిచిందో చూడండి."

రైటరుకు అర్థం కాలేదు. అప్పుడే బయట ఏదో అలికిడైంది. సెంట్రీ లోపలికి వచ్చి, ఎవరో వచ్చారని, లాఠీ చూపించినా పోవడం లేదని చెప్పాడు. గొడవ చేస్తున్నారా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. లేదు సార్, క్యూ కట్టారు అన్నాడు సెంట్రీ.

నత్త కిటికీలోంచి చూసింది. స్టేషన్ మెట్ల దగ్గర్నుంచి రోడ్డు మలుపు దాకా మనుషులున్నారు. ట్రైనీలు, ప్యాకింగు ఆడవాళ్ళు, చిరిగిన సూటు ఇంకా విప్పని బట్టతల గుమాస్తా, పింఛను మర్చిపోయిన బాయిలర్ బాబాయి, పక్క యూనిట్ ట్రైనీలు. ఈసారి బారెడు దూరం లేదు, భుజాలు భుజాలకు ఆనుకుని ఉన్నాయి. చేతులు ఛాతీ ముందు లేవు, వేళ్ళు విప్పి ముందుకు చాపి ఉన్నాయి. మౌనంగా కూడా లేరు. బల్ల దాటనిది ఆమె ఒక్కతే కాదని, అందరి వేళ్ళూ తీసుకోమని గొంతులెత్తి అంటున్నారు. కొత్త గొంతులు కదా, అక్కడక్కడా జీరపోతున్నాయి.

క్యూలో మొదట ఉన్నది వదిన. సెంట్రీని పక్కకు జరగమని, లోపలికి వచ్చి, బల్ల మీదికి వంగింది. శుక్రవారం హాలంతటి ముందు శుద్ధి సారు మురికిదన్న ఆ చెయ్యినే, పగిలిన సందులతో, రైటరు ముందు పెట్టింది.

"ముందు నాది తీసుకోండి," అంది. "తర్వాత వాళ్ళవి. ఇంకు సరిపోదు, ఎవరినైనా పంపి తెప్పించుకోండి."